రేకు మూతి

భద్రాచలం,
11-2-1987

మామూజాన్‌కు గౌస్ సలాం.

మేనమామ కనుక ఒక సలాం, పిల్లనిచ్చిన మామ కనుక ఇంకొకటి. రెండూ అందినట్టు రాయండి. సకీనా, నేను బాగున్నాం.

జీపు కొన్నాను. పాతదే గాని ఇంజను మంచిది. పోయినేడు వరదకు మా బజారంతా మునిగినప్పుడు కూడా ఇది ఏదో మిట్ట మీద ఉండి నీళ్లు తాగలేదట. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా పర్ణశాల దాకా కిరాయికి తిప్పుతున్నాను. యాత్రికులు బాగానే ఎక్కుతున్నారు. చిక్కల్లా అడవి పల్లెల వాళ్లతో. బోసి జీపు కదా, దూరం నుంచి చూస్తే ఫారెస్టు వాళ్ల బండే అనుకుంటున్నారు. హారన్ కొడితే చాలు, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు పొదల్లో దూరుతున్నారు. మొన్న జంపక్క అనే ముసలామె సంతకు పోతూ నన్ను చూసి చింతపండు గంప దారిలోనే పడేసి ఉరికింది. నేను దిగి, "అవ్వా, నేను ఫారెస్టోన్ని కాదు, కిరాయి బండోన్ని" అని అరిచాను. పొదలోంచి జవాబు వచ్చింది: "మరి నీ బండికి గసువంటి మొఖమేందిరా?"

కాబట్టి బండికి ముఖం మార్చాలి. మా స్టాండులో మంగీలాల్ జీపు ఉంది, మీరు చేసిందే. ముందు ఇనుప గార్డు, నికెలు కడ్డీలు, పక్కలకు నెమళ్లు. అది వస్తుంటే పెళ్లివారు వచ్చినట్టు ఉంటుంది. నాకూ అదే చేయండి. సకీనా వారం వారం గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకుని సంతకు నా పక్కనే ముందు సీట్లో వస్తుంది. ఆమెకూ మర్యాదగా ఉంటుంది.

మీ గౌస్

*

ఖమ్మం,
20-2-1987

బేటా గౌసూ, దువా.

నీ సలాములు రెండూ అందాయి. ఒకటి ఉంచుకుని రెండోది సకీనాకు తిరిగి పంపుతున్నాను. తండ్రికి ఒక్క ముక్క రాసే తీరిక లేని మనిషికి అదైనా చేరనీ.

మామా అల్లుళ్లు తెలుగులో రాసుకుంటారేమిటని నిన్న షెడ్డులో ఒకాయన అడిగాడు. వాడికి ఉర్దూ రాయడం రాదు, నాకు చదవడం రాదు, సరిపోయింది అన్నాను. నేను బడి మొహం చూసింది లేదు. నా చదువంతా లారీల వెనక రంగుడబ్బా పట్టుకుని నిలబడి చదివిందే. 'శబ్దం చేయుము' నా మొదటి వాచకం. అందుకే ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. రాసే రేకు అయిపోతే ఆపడం ఒక్కటే తెలుసు.

ముఖం సంగతి ఆ ముసలామె బాగా పట్టుకుంది. ఫారెస్టు జీపుకు కనుబొమలు లేవు. కనుబొమలు లేని ముఖం ఎవరిదైనా భయం పుట్టిస్తుంది. నీ బండి దీపాల మీద రేకు వంచి కనుబొమలు పెడతాను. బానెట్‌కు ముందు గుండ్రంగా, పొడుగ్గా మూతి కడతాను. ఎదురొచ్చే వాళ్లకు బండి నవ్వుతున్నట్టు ఉండాలి. నెమళ్లు కూడా వేస్తాను, మంగీలాల్ నెమళ్ల కంటే లావుగా.

కానీ మూతి పల్చటి రేకుతో, లోపల తేలిక కర్రతో చేస్తాను. ఇనుప గార్డు మాత్రం పెట్టను. ఎందుకో తెలియాలంటే లచ్చయ్య సంగతి చెప్పాలి. లచ్చయ్య లారీ డ్రైవరు. మనిషి ఎంత సన్నమంటే చొక్కా తొడుక్కుంటే చొక్కా ఒక్కటే నడిచినట్టు ఉండేది. పెళ్లిచూపులకు పోయి పిల్ల బదులు వాళ్ల ఎద్దులను మెచ్చుకుని వచ్చిన ఘనుడు. ఆ కథ వేరే. ఒకసారి నేను కట్టిన రేకు మూతి లారీ తీసుకుపోయి ఇల్లెందు దారిలో కల్వర్టు గోడకు కొట్టాడు. నేను పోయేసరికి లారీ మూతి నలిపి పారేసిన కాగితంలా ఉంది. లచ్చయ్య తలుపు తన్నుకుని దిగివచ్చి, "షుకూరన్నా, బీడీ ఉన్నదా?" అన్నాడు. ఓనరేమో, "నీ రేకు పాడుగాను, గిదేం పనితనం?" అని నా మీద చెయ్యెత్తాడు. తిట్లు తింటూ కూడా నేను నవ్వాను. ఎందుకు నవ్వానంటే

ఇన్‌లాండు కాగితంలో జాగా అయిపోయింది. బండి తీసుకుని రా.

మామ షుకూర్

*

భద్రాచలం,
8-5-1987

మామూజాన్‌కు సలాం.

ఖమ్మం నుంచి బండి తెచ్చి రెండు నెలలు దాటింది. ముఖం బాగుందని అందరూ అంటున్నారు. పొదల్లోకి పారిపోయిన జంపక్క ఇప్పుడు చెయ్యెత్తి బండి ఆపుతోంది. మొదటిసారి ఎక్కే ముందు మూతి నిమిరి, కుంకుమ తడిపి దాని నుదుట బొట్టు పెట్టింది. "ఇప్పుడు ఇది మనింటి ముఖం లెక్కున్నది" అంది. ఆ మాటకు సకీనా పోయి ఆమె చేతికి గాజులు తొడిగింది. ఇద్దరూ ఇప్పుడు ముందు సీట్లో పక్కపక్కనే కూర్చుని నన్ను ఎగతాళి చేస్తుంటారు.

ఇంతవరకు బాగానే ఉంది. తరువాతిది వినండి. ఒక గేదె తల విసిరితే కొమ్ము దిగబడి సొట్ట పడింది. సైకిలు తగిలితే ఇంకో సొట్ట. యాత్రికులు ఫొటో దిగుతామని ఆనుకుని నిలబడితే బుగ్గ లోపలికి పోయింది. స్టాండులో అందరి ముందు మంగీలాల్ ఏమన్నాడో తెలుసా? "ఏంది గౌసూ, మీ మామ బిడ్డనైతే ఇచ్చిండు గాని ఇనుము ఇయ్యబుద్ధి కాలేదా?" ఆ రోజు మొత్తం స్టాండు నవ్వింది.

మామూ, మంగీలాల్ తండా నుంచి వచ్చిన పరాయివాడు. అతనికి చేటలంత ఇనుము. మీ మేనల్లుడికి డబ్బా రేకు. పైగా నలిగిపోయిన లారీ కథ చెప్పి, నవ్వాను అని రాశారు. నన్ను చూసి నవ్వినట్టే ఉంది. ఆ కథ మీరు ఎందుకు రాశారో సకీనాకూ అర్థం కాలేదు.

గౌస్

*

ఖమ్మం,
19-5-1987

గౌసూ, దువా.

నీ ఉత్తరం చదివి ఆ పూట సుత్తె పట్టుకోలేదు. కోపం నీ మీద కాదు, గేదె మీద అనుకో.

సొట్ట పడిందని ఏడుస్తావేం? సొట్ట పడటానికే ఆ రేకు. మంగీలాల్ సంగతి అడిగావు. అతను నా షెడ్డు ముందు దినాల తరబడి తిష్టవేసి, "షుకూర్ సాబ్, నా బండి ఏనుగు లెక్కుండాలె, గుద్దితే ఎదుటోడే పోవాలె" అన్నాడు. లావు ఇనుప చానెలు తెచ్చి, నేరుగా ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికే, వెల్డింగు కొట్టి, నికెలు తొడిగాను. చూడటానికి అది ఏనుగే. అతను అడిగింది అతనికి ఇచ్చాను. అతను గిరాకీ, నువ్వు అల్లుడివి. ఆ రెంటికీ తేడా ఉంది. ఆ తేడా ఏమిటో నీ పక్కన కూర్చునే మనిషినే అడుగు. గాజుల పెట్టెలో గడ్డి ఎందుకు పెడతారో సకీనా చెబుతుంది.

గడ్డి అంటే గుర్తొచ్చింది. మీ అత్త సర్వరీ బేగం ఉన్న రోజుల్లో ఒకసారి గాజుల పెట్టె తెరిస్తే గడ్డిలో ఎలుక ఈని ఉంది. గులాబీ రంగు పిల్లలు, ఒక్కొక్కటి చిటికెన వేలంత. గాజు ఒక్కటీ పగలలేదు. మీ అత్త ఆ పిల్లలను కదపొద్దని పట్టు పట్టి, రంజాన్ గిరాకీ మొత్తం పోగొట్టింది. ఆమెతో నాకు జరిగిన పెద్ద తగాదాల్లో అదొకటి. ఇంకోటి చెప్పమంటావా, మేకపోతు తగాదా

మళ్లీ చివరికి వచ్చేశాను. మూతి తీయకు. మిగతాది ఎదురుగా చెబుతాను.

షుకూర్

*

భద్రాచలం,
6-9-1987

మామూజాన్‌కు సలాం.

జీపు గురించి అడిగితే గడ్డి గురించి రాశారు. గడ్డి గురించి సకీనాను అడిగితే, "పెట్టెలో గడ్డి పెట్టకపోతే గాజులు గలగలమని చప్పుడైతయి, గంతే. అబ్బా కథలు ఎప్పుడూ గిట్లనే" అని నవ్వింది. ఎలుక పిల్లల కథ మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

నేను ఇంక నలుగురిలో నవ్వులపాలు కాదలచుకోలేదు. రేకు మూతిని విప్పించాను. ఖమ్మం వచ్చే లారీలో వేస్తున్నాను, దించుకోండి. బండి కొత్తగూడెంలో వెల్డింగు షెడ్డులో ఉంది. మంచి చానెలు వచ్చేదాకా ఆగమన్నారు. అంతదాకా సకీనా మంగీలాల్ బండిలో సంతకు పోతోంది. గాజుల పెట్టె ఉందని మంగీలాల్ ఆమెకు, జంపక్కకు ముందు సీటే ఇస్తున్నాడు. మాట దురుసు గాని మనిషి మంచివాడు.

గౌస్

*

ఖమ్మం,
11-9-1987

గౌసూ,

జల్దీ చేరాలని కార్డు రాస్తున్నాను. సకీనాను మంగీలాల్ బండిలో ముందు సీట్లో కూర్చోనివ్వకు. వెనక కూర్చోమను. వీలైతే బస్సులోనే పొమ్మను. కార్డు నలుగురి కంట పడుతుంది, ఇంతకు మించి రాయకూడదు. నా మాట విను.

షుకూర్

*

భద్రాచలం,
23-9-1987

మామూజాన్‌కు,

మీ కార్డును పోస్టుమాన్ ముత్యాలు నాకంటే ముందే చదివాడు. చదివి ఊరుకోలేదు, జీపు స్టాండులో నాకిస్తూ గట్టిగా చదివి వినిపించాడు. మంగీలాల్ అక్కడే ఉన్నాడు. అతని ముఖం మాడిపోయింది. "సకీనా నాకు చెల్లె లెక్క. మీ మామ నన్ను గట్ల అనుకుంటున్నడా?" అని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

పరాయి మగవాడి పక్కన కూర్చోకూడదని మీకు ఇప్పుడు గుర్తొచ్చిందా మామూ? సర్వరీ అత్త గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఖమ్మం వీధులన్నీ తిరిగినప్పుడు మీరు ఏనాడూ అడ్డు చెప్పలేదని అమ్మ గొప్పగా చెప్పేది. మీ పెద్దతనం ఇదేనా?

సకీనా సిగ్గుతో చచ్చిపోయింది. ఇప్పుడు వెనక కూర్చుంటే మంగీలాల్‌ను అనుమానించినట్టు అవుతుందని, పట్టుబట్టి ముందే కూర్చుంటోంది. ఇలాంటి కార్డులు ఇంకెప్పుడూ రాయకండి.

గౌస్

*

ఖమ్మం,
20-11-1987

గౌసూ,

నీ టెలిగ్రాం చూసి వచ్చిన నేను, దవాఖానాలో సకీనా దగ్గర ఉన్నన్నాళ్లు నీతో మాట్లాడలేకపోయాను. ఇల్లు చేరాక రాస్తున్నాను. ఈసారి కాగితం పెద్దది తెచ్చుకున్నాను, కథలు చెప్పను.

నేను సకీనాను చూడటానికి ముందు మంగీలాల్ జీపును చూశాను. బస్సు దిగి వస్తుంటే పోలీస్ స్టేషన్ ముందు నిలబెట్టి ఉంది. గేదె అడ్డం వస్తే పక్కకు తిప్పి మద్దిచెట్టుకు కొట్టాడని, పెద్ద వేగం కూడా లేదని అక్కడున్నవాళ్లు చెప్పారు. నికెలు కడ్డీలు మెరుస్తున్నాయి. నెమళ్లు నెమళ్లలాగే ఉన్నాయి. గార్డు వెంట్రుకంతైనా వంగలేదు. చుట్టూ గుంపు. "చెట్టు బెరడు లేచింది గాని బండికి గీత పడలే! ఏం పనిరా అయ్యా ఇది!" అంటున్నారు. ఎవరో నన్ను గుర్తుపట్టి, "చేసినాయన ఈయనే" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపారు గౌసూ. నేను ఊపనిచ్చాను.

ఆ తరువాత దవాఖానాకు పోయి నా బిడ్డను చూశాను. దవడ విరిగి తీగెలతో కట్టి ఉంది. ఎడమ కన్ను లేదు. బండి ముఖానికి ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న జంపక్క అక్కడికక్కడే పోయింది. మంగీలాల్ పక్కటెముకలు విరిగి అదే దవాఖానాలో పడి ఉన్నాడు.

విను. బండి దేన్నయినా కొట్టినప్పుడు ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ముందు రేకు నలిగితే, కర్ర విరిగితే, అక్కడ ఖర్చయిపోయి లోపలికి కొంచెమే వస్తుంది. ముందున్నది నలగని ఇనుమైతే, అది ఛాసీకి అతికి ఉంటే, దెబ్బ దాన్ని దాటుకుని మొత్తం లోపలి మనుషుల దగ్గరికి వస్తుంది. వాళ్లు ముందుకు పోయి ఎదురుగా ఉన్న ఇనుప డాష్‌బోర్డుకు తగులుతారు. లచ్చయ్య లారీ నలిగింది కనుక లచ్చయ్య బీడీ అడిగాడు. అందుకే నవ్వాను. గడ్డి నలుగుతుంది కనుక గాజు పగలదు. నీ పక్కన సకీనా కూర్చుంటుంది కనుక నీకు రేకు పెట్టాను. కార్డు రాసింది మంగీలాల్‌ను అనుమానించి కాదు, ఆ బండి సంగతి తెలిసి. ఇది రెండు ముక్కల్లో ఎప్పుడో రాయవలసింది.

నీ బండికి ఆ ఇనుము పెట్టించకు.

షుకూర్

*

భద్రాచలం,
14-12-1987

మామూజాన్‌కు సలాం.

మీ పెద్ద ఉత్తరం చేరింది. సకీనా ఇప్పుడు పలచటి జావ తాగుతోంది. అద్దం అడగలేదు. ఇంట్లో ఉన్న అద్దాన్ని నేనే తీసి అటక మీద పెట్టాను, ఎక్కడ పెట్టావని కూడా అడగలేదు.

మీరు రాసింది నేను నమ్మలేదు. కోపంతో కాదు, ఆలోచించే చెబుతున్నాను. మీరు చెప్పిందే నిజమైతే, మంగీలాల్‌కు ఆ గార్డు చేసిన రోజునే మీకు ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలిసి తెలిసి ఒక మనిషికి, అతని బండెక్కే జనానికి అలాంటిది బిగించి, నెమళ్లు గీసి పంపే మనిషి మా మామ కాదు. చిన్నప్పటి నుంచి మీ షెడ్డులో పెరిగాను, నాకు తెలియదా? బిడ్డ మీది దుఃఖంతో ఇప్పుడు ఏదో ఒక కారణం కల్పించుకుంటున్నారు. లేదా రేకు మూతి విప్పించినందుకు తప్పు నా మీద వేస్తున్నారు. రెండోదైతే వేయండి, భరిస్తాను.

కళ్లతో చూసింది చెబుతాను. గార్డు వంగలేదు. ఆ ఇనుమే లేకపోతే ముగ్గురూ పోయేవాళ్లని స్టాండంతా అంటోంది. ఆరుగురు ఓనర్లు అలాంటిదే కావాలని నన్ను అడిగారు. దాన్ని 'షుకూర్ మూతి' అంటున్నారు. మంగీలాల్ ఇంక బండి నడపనని అమ్మేస్తున్నాడు. కొత్తగూడెం వాళ్ల చానెలు పల్చగా ఉందని, అతని గార్డునే విప్పి తెచ్చి నా జీపుకు వెల్డింగు కొట్టించాను. ఎంతైనా మీ చేతి పని.

పోయిన సంతకు సకీనాను తీసుకుపోయాను. ముఖానికి అడ్డంగా దుపట్టా కట్టుకుంది. ముందు సీట్లో ఎక్కమంటే ఎక్కలేదు. వెనక, డోరు దగ్గర, వచ్చిన దారికేసి ముఖం పెట్టి కూర్చుంది. ముందు కూర్చుంటే కంటికి గాలి కొడుతుందట. వెనక కుదుపులకు గాజులు పగులుతున్నాయి. వచ్చే సంత నుంచి ముందే కూర్చోవాలని గట్టిగా చెప్పాను. మీరూ ఒకమాట రాయండి, మీరు చెబితే వింటుంది.

ఒకే ఒక్క ముక్క అడుగుతాను మామూ. మంగీలాల్ గార్డు మీరు తెలిసి చేశారా, తెలియక చేశారా? తెలియక అంటే గార్డు నా బండికి ఉంటుంది. తెలిసి అంటే ఆ రోజే విప్పేస్తాను. తెలిసి అని మీరు రాయరు. అందుకే ఇంత ధైర్యంగా అడుగుతున్నాను.

గౌస్

*

ఖమ్మం,
19-12-1987

గౌస్‌కు,

తెలిసే చేశాను.

కావాలనే కార్డు మీద రాస్తున్నాను. ముత్యాలూ, స్టాండులో గట్టిగా చదువు. ఆ ఆరుగురు ఓనర్లూ, మంగీలాలూ వినాలి. లచ్చయ్య బీడీ అడిగిన నాటి నుంచి ఈ సంగతి నాకు తెలుసు. గౌస్ బండిలో ఎవరి బిడ్డ కూర్చుంటుందో చూసుకున్నాను. మంగీలాల్ బండిలో ఎవరి బిడ్డలు కూర్చుంటారో చూసుకోలేదు.

గార్డు విప్పెయ్. రేకు మూతి రేపటి లారీలో వస్తుంది. సొట్టలు తీయలేదు. జంపక్క పెట్టిన బొట్టు తుడవలేదు.

సకీనాకు గాలి కొడుతుందనే అననీ. ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చోనీ. ఈ కార్డు చూశాక నన్ను రమ్మంటే వస్తాను.

కార్డులో ఇంకా జాగా ఉంది.

షుకూర్